నొక్కినోని చెయ్యి

చచ్చినోళ్ళ గురించి మంచే మాట్లాడాలంట. ఈ రూలు ఎవరు పెట్టినారో గాని, బతికుండగా ఎవరికీ మంచి చేయని మొగోళ్ళే పెట్టింటారని నా అనుమానం. కమలాపురం దాటినాక రోడ్డుపక్కన రాళ్ళు కోసే షెడ్డు నడిపే అన్న పోయినాడని కబురు తెలిసినప్పటినుంచి వింటూనే ఉన్నాను. వచ్చినోళ్ళంతా "సింహం పోయిందమ్మా" అంటున్నారు. సింహంతో కాపురం చేసినామె మూలన కూర్చోని ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

నేను ఆయనకు చుట్టాన్ని కాను. కడపలో నాకు కంప్యూటర్ల దుకాణం ఉంది. ఎమ్సీయే చదివి కూడా ఉద్యోగం చేయకుండా దుకాణం ఎందుకు పెట్టుకున్నావని అడుగుతారు. పైన ఒకడు కూర్చోని చెప్తే వినే గుణం నాకు లేదు, అందుకు. ఆయన రాతి మిషన్‌కు ఉండే కంప్యూటర్‌ను చూసుకునేది నేను. ఆ లెక్కన చాలా ఏళ్ళు ఆ షెడ్డుకు పోయి వచ్చినాను. ఆయన పుట్టుక, పొలాలు, పార్టీ అన్నీ పేపర్లో వేసినారు. అవి ఆడ చదువుకోండి. నేను చూసింది నేను రాస్తాను.

మనిషి పొడుగేం కాదు. ఎడమచెవి కిందినుంచి కాలరు లోపలికి దిగే ఒక పాత గాటు ఉండేది. ఎవరన్నా అడిగితే "గడ్డం గీసుకుంటాంటే తెగింది" అనేవాడు. "గడ్డపారతో గీసుకున్నావా అన్నా?" అని నేనొకసారి అంటే షెడ్డులో అందరూ చేతిలో పని ఆపేసినారు. ఆయన మాత్రం నవ్వినాడు. నా మీద ఆయన చెయ్యి ఎప్పుడూ లేవలేదు. ఆడదాన్నని గౌరవం అనుకునేరు, అదేం లేదు. నేను రాకపోతే కంప్యూటర్ నడవదు, అంతే.

నోటికంటే ముందు చెయ్యి మాట్లాడే మనిషి. ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, కత్తితో కోసుకోవడం ఆయనకు నామోషీ. సంగటి ముద్ద ముందర కూర్చోని, గడ్డను బండమీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, చెదిరిన ముక్కలు ఏరుకొని తినేవాడు. లారీ వస్తే బానెట్ మీద చరిచి పలకరించేవాడు. మిషన్ ఆగితే దాని నడుం మీద చరిచేవాడు. పనోళ్ళు ఆలస్యమైతే చేతికి అందినచోట చరిచేవాడు. ఒకసారి ప్రింటర్ కాగితం మింగి బిగుసుకుంటే, గడ్డపార తెచ్చి దాని పొట్టలో దించినాడు.

"కక్కిందా లేదా?" అన్నాడు నన్ను చూసి.

కక్కింది, లోపలి పండ్లచక్రాలతో సహా.

ఇంకోసారి ఫోన్లో ఎవరో అమ్మాయి "దయచేసి లైన్లో వేచి ఉండండి" అని మళ్ళీమళ్ళీ చెప్తూంటే కొంచెంసేపు విని, ఫోన్ తీసుకపోయి రాయిని చల్లబరిచే నీళ్ళ తొట్టిలో వేసినాడు. తొట్టిలోకి వంగి "ఇంగ నువ్వు వేచి ఉండు" అన్నాడు.

నవ్వు వస్తుంది కదా? నాకూ వచ్చేది. ఆయన కింద పనిచేసినోళ్ళకు రాదు. నీళ్ళ పైపు కట్టేయడం మరిచిపోయిన ఒకాయన్ను అదే పైపుతో వీపు చిట్లిందాకా కొట్టి, ఆనక తానే బండిమీద ఎక్కించుకొని ఆసుపత్రికి తీసుకపోయి, సూదేసేదానికి జాగు చేసినాడని ఆడుండే డాక్టరు గల్లా పట్టుకొని వచ్చినాడు. "చెయ్యి దురుసు గాని మనసు మంచిది" అంటారు మా వైపు ఇట్లాంటోళ్ళను. మనసు ఎవరికీ కనపడదు కాబట్టి అది అనుకూలంగా ఉంటుంది. వీపు కనపడుతుంది.

ఇప్పుడు మిషన్ సంగతి. కంప్యూటర్‌లో ఒక గీత గీస్తే, వజ్రపు పొడి అద్దిన బిట్టు గిరగిరా తిరుగుతూ ఆ గీతను కడప రాతిలో చెక్కుతుంది. గడప పలకలు, తులసికోటలు, సమాధుల మీద పేర్లు, అన్నీ దానిమీదే. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని ప్రోగ్రాము మాత్రం విండోస్ లాంటి ఒక పాత లైనక్స్ మీద నిక్షేపంగా నడిచేది.

"అన్నా, ఈ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తగిలీద్దు" అని మొదట్లోనే చెప్పినాను.

"ఏంటికి?"

"అప్డేట్ అవుతాది. అయితే లోపల కర్నెల్ మారుతాది. కర్నెల్ మారితే నీ ప్రోగ్రాము చెడుతాది."

"కర్నెల్ అంటే?"

"లోపలి పెత్తనం. ప్రోగ్రాము నేరుగా మిషన్‌తో మాట్లాడదు. కర్నెల్‌కు చెప్తే, కర్నెల్ మిషన్‌కు చెప్తాది. నీ ప్రోగ్రాము రాసినోళ్ళు ఈ పాత కర్నెల్‌ను నమ్ముకోని రాసినారు. ఇది రెప్పపాటు కూడా జాగు చేయకుండా మాట అందిస్తాది. కొత్తదానికి నెత్తిన శానా పనులుంటాయి. నీ మాట దానికి తీరినప్పుడు చెప్తాది. ఆలోపల బిట్టు యాడికి పోతాదో దానికే తెలీదు."

గాటు గోక్కుంటూ విన్నాడు. "పెద్దాయన పోయి కొడుకు పెత్తనానికి వచ్చినట్ల. పెద్దాయన కాడ మన మాట చెల్లుతాంటుంది. కొడుకు ఎవుర్రా నువ్వు అంటాడు."

"అంతే."

"అట్లాంటి కొడుకులను మేం ఏం చేస్తాంటిమో తెల్సా నీకు?"

"తెలుసు. అందుకే ముందే చెప్తాండా."

"బాగుండేదాన్ని మార్చేదేంటికి మ్మే వాళ్ళు?"

"దొంగలు దూరే సందులు మూసేదానికి."

"నా షెడ్డులోకి దొంగ దూరేది!" అని నవ్వినాడు చూడండి, బయట పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటి పోయింది.

అదే రోజు రాళ్ళు అతికించే బంక కలిపించి, కంప్యూటర్ వెనక ఇంటర్నెట్ తీగ పెట్టే రంధ్రంలో తన వేలితో కూరినాడు. పనోళ్ళనందరినీ పిలిచి నిలబెట్టి, "ఎవుడన్నా దీంట్లో అప్డేట్ నొక్కినాడో, నొక్కినోని చెయ్యి ఉండదు. మళ్ళా చెప్పను" అన్నాడు. ఆ కంప్యూటర్ ముందర కూర్చునేది ఆయన బామ్మర్ది ఓబులేసు. నలభై దాటిన మనిషి, అమాయకుడు. అక్క ఇంట్లోనే ఉంటూ బావ షెడ్డులో పని చేసుకునేవాడు. అందరికంటే ముందు తల ఊపింది కూడా వాడే.

వాడు నొక్కినాడు. ఎందుకు నొక్కినాడో చెప్తే బయటూరోళ్ళు నమ్మరు. ఆయుధపూజ కోసం నొక్కినాడు.

దసరాకు ఆ షెడ్డులో చీపురుకట్ట కూడా స్నానం చేయాల్సిందే. గడ్డపారలు తోమి, సమ్మెటలకు నూనె పూసి, లారీలు కడిగి, మిషన్‌కు కొత్త రంగేసి, ఎవరి సామాను వాళ్ళు పెళ్ళికూతురిలా తయారుచేసుకుంటారు. ఎవరిది ముందు మెరిస్తే వాళ్ళకు ఒక మర్యాద. ఓబులేసు కంప్యూటర్ తుడిచినాడు, పసుపు పెట్టినాడు, పూలేసినాడు. వాని మనసు నిండలేదు. సెల్‌ఫోన్‌ను చార్జింగ్‌కు దానికే తగిలిస్తే, ఫోన్లోంచి ఇంటర్నెట్ దాంట్లోకి ఎక్కి, తెర మూలన చీటీ ఒకటి లేచింది, కొత్తవి ఉన్నాయి వేసుకుంటారా అని. "అందరి సామాన్లకూ నీళ్ళు పోసినారక్కా. నాదొక్కటే పాతబట్టలతో పూజకు కూర్చున్నట్లనిపించింది" అని ఆనక నాకు చెప్పినాడు. బావ మాట వానికి గుర్తుంది. పండగనాడు కొత్తబట్టలు కట్టించడం తప్పవుతుందని మాత్రం వానికి తోచలేదు.

ఆ పూజకు నన్నూ పిలిచినారు. మిషన్ ముందర పొటేలును కోసినారు. కోసింది ఆయనే, ఒక్క వేటు. ఆ నెత్తురు బొటనవేలితో అద్ది మిషన్‌కు ఒక బొట్టు, కంప్యూటర్‌కు ఒక బొట్టు పెట్టినాడు. గుమ్మడికాయ పగలగొట్టినారు. మొదటి రాయి ఎక్కించి, "కానీయ్‌రా" అన్నాడు ఓబులేసుతో.

ప్రోగ్రాము మామూలుగానే తెరుచుకుంది. అదే దాంట్లోని ద్రోహం. ముందే పనిచేయనని చెప్పుంటే ఇంత జరిగుండదు. తెరమీద పువ్వు చక్కగా విచ్చుకుంటూ ఉంది. రాతిమీద బిట్టు ఒకచోట తడబడి, ఒకచోట ఎగిరి, రాయి అంచు దాటి ఇనుప పట్టీ మీదికి పోయి దిగింది. నిప్పులు లేచినాయి. బిట్టు ఫట్‌మని విరిగింది. విరిగిన ముక్క ఆయన భార్య, నేను వదినా అని పిలిచేది, ఆమె చెవి పక్కనుంచి పోయి వెనక రేకును చీల్చుకొని బయట పడింది. ఆమె కొప్పులో పెట్టుకున్న కనకాంబరాలు సగం నేలమీద ఉన్నాయి.

ఆయన పోయి మెయిన్ స్విచ్ లాగినాడు. పొటేలును కోసిన కొడవలి ఇంకా ఆయన చేతిలోనే ఉంది, మొననుంచి చుక్కలు కారుతున్నాయి.

"ఎవుడు నొక్కినాడు?"

వదిన ముందుకొచ్చింది. "నేనే నొక్కినా."

"యాడ నొక్కినావు?"

"ఆడనే."

"ఆడంటే? చూపీ."

ఆమె పోయి తెరమీద వేలు పెట్టింది. ఆ తెర వేలితో నొక్కేది కాదు. ఆయనకు తెలుసు, అందరికీ తెలుసు. అప్పుడు ఓబులేసు, "నేనే బావా. పండగ గదా అని" అన్నాడు.

నేను అడ్డం పోయినాను. "ఆగన్నా! కొడవలి కింద పెట్టు ముందు. పాతది సచ్చిపోయిందని నీకెవురు చెప్పినారు? కొత్త కర్నెల్ వచ్చినంత మాత్రాన పాతదాన్ని పూడ్చిపెట్టరు. పక్కకు జరిపి పెడతారు. నన్ను చూడనీ."

"చూడు" అన్నాడు. కొడవలి కింద పెట్టలేదు.

స్విచ్ వేయించి కంప్యూటర్ మళ్ళా మొదలుపెట్టినాను. మొదలయ్యేటప్పుడు తెరమీద ఒక చిన్న పట్టీ వస్తుంది. పైన కొత్త కర్నెల్, దానికింద పాతది. కొన్ని సెకన్లు ఆగుతుంది. ఆలోపల కింది బాణం మీట నొక్కి పాతదాన్ని ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే తానే కొత్తదాంట్లోకి పోతుంది. నేను ఎంచుకున్నాను. కొత్త బిట్టు బిగించి, పనికిరాని రాయి ఒకటి ఎక్కించినారు. పువ్వు రేకులు ఒక్కొక్కటే, వెంట్రుక తేడా లేకుండా రాతిలోకి దిగినాయి.

ఎవరో నవ్వినారు. ఎవరో ఓబులేసు వీపు తట్టినారు. వదిన కూలబడి కండ్లు తుడుచుకుంది. ఆయన కొడవలి కింద పెట్టినాడు. ఇంక అయిపోయిందని నేను చేతులు కడుక్కోవడానికి తొట్టి కాడికి పోయినాను.

"ఓబులేసా, ఇట్ల రా. చెయ్యి పెట్టు" అన్న మాట విని తిరిగి చూస్తే, ఆయన చేతిలో సమ్మెట ఉంది. పొద్దున నూనె పూసిన సమ్మెట.

"పని సరిపాయ కదన్నా! ఇంగేంటికి?" అన్నాను.

"పని సరిపాయ. మాట సరిపోలేదు."

ఓబులేసు సగం నవ్వుతూనే పోయినాడు. తడిరాతి మీద, ఆ పువ్వు పక్కన, కుడిచెయ్యి పరిచి పెట్టినాడు. బావ పైకెత్తి, బెదిరించి, ఆపుతాడనుకున్నాడు. మేమంతా అదే అనుకున్నాం. మామూలుగా ఎర్రగడ్డను గుద్దినట్లు, ముందూవెనకా లేకుండా, ఒక్కటే దెబ్బ.

రాయి పగిలే చప్పుడు నాకు తెలుసు. అది రాయిది కాదు.

ఓబులేసు అరవలేదు. తన చేతిని ఎవరిదో చూసినట్లు చూసుకున్నాడు. అరిచింది నేను. చదువుకున్న ఆడది ఆడకూడని మాటలన్నీ ఆడినాను. "నాయాలా, అది తప్పయితే మార్చుకునే తప్పురా! నీ కండ్లముందరనే మార్చి చూపిస్తి కదరా! నువ్వు చేసిందాన్ని మార్చి చూపీ ఇప్పుడు!" అని ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన నా చేతిని నెమ్మదిగా విడిపించి, "మ్మే, ఇంటికి పో" అన్నాడు. అంత నెమ్మదిగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. సమ్మెటను దాని చోట పెట్టి, పూజకు ఉడికే మాంసం కాడ మంట తగ్గించమని ఎవరికో చెప్పినాడు.

కడపలో డాక్టరు అడిగితే "రాయి పడింది" అన్నారు ఇంటోళ్ళు.

"రాయి పడలేదు సార్, సమ్మెట పడింది. పోలీసులకు చెప్పండి" అన్నాను నేను.

మంచంమీదినుంచి ఓబులేసు, "రాయే సార్" అన్నాడు. నన్ను చూసి, "నువ్వు ఊరుకో అక్కా. మళ్ళా మా అక్క ఆ ఇంట్లో ఎట్ల బతుకుతాది?" అన్నాడు.

అక్క ఆ ఇంటికి పోలేదు. ఆసుపత్రినుంచి నేరుగా తమ్మునితో కమలాపురం పోయి, ఒక గది బాడుగకు తీసుకుంది. ఆయన రెండుమూడుసార్లు మనుషులను పంపినాడు. తాను పోలేదు. ఓబులేసు చెయ్యి బతికింది గాని వేళ్ళు ముడుచుకోని పోయినాయి. గ్లాసు పట్టుకోలేడు.

నేను ఇంక ఆ షెడ్డు గడప తొక్కననుకున్నాను. కొన్నాళ్ళకు ఫోన్ చేసినాడు. "ఆ పట్టీలో యాడ నొక్కాల్నో వచ్చి చూపీ" అన్నాడు. పోయినాను. పనోళ్ళ పొట్టకోసం పోయినానని అప్పట్లో అందరికీ చెప్పినాను. అదేం కాదు, ఆ మొగం ఎట్ల ఉందో చూద్దామని పోయినాను. ఎప్పటి మాదిరే ఉంది.

"కింది బాణం, ఆనక పెద్ద మీట" అని చూపించి, "రోజూ ఈ బాధ ఏంటికి? ఎప్పుడూ పాతదాంట్లోకే పోయేటట్ల చేసిపెడతా, చిన్న పని" అన్నాను.

"వద్దు."

"ఏం?"

"నేనే నొక్కుతా."

అదిగో, ఆనాటినుంచి పోయిందాకా ఆయనే నొక్కినాడు. పొద్దున్నే కండ్లద్దాలు పెట్టుకోని వచ్చి ఓబులేసు కుర్చీలో కూర్చునేవాడు. పట్టీ రాకముందే చూపుడువేలు బాణం మీద ఆనించి, నాలుక పండ్లమధ్య పెట్టుకోని, తెరకేసి పాముపుట్టను చూసినట్లు చూసేవాడు. ఆ సమయంలో ఎవరూ దగ్గకూడదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, తినే సంగటి వదిలేసి పరిగెత్తి వచ్చేవాడు. ఒకసారి చెయ్యి ఆలస్యమై కొత్తదాంట్లోకి పోతే, "పో నీ..." అని బూతు తిట్టి, మళ్ళా ఆపి, మళ్ళా మొదలుపెట్టి కూర్చున్నాడు. ఆ కీబోర్డును ఇంకెవరినీ తాకనీయలేదు.

అది పశ్చాత్తాపం అని ఊళ్ళో కొంతమంది అంటారు. వాళ్ళతో నేను గొడవ పడినాను, ఇంకా పడతాను. పశ్చాత్తాపం ఉన్నోడు కమలాపురం పోతాడు, నాలుగడుగుల దూరం. ఈయన ఒక మీట కాడికి పోయినాడు. ఇంకొకని చెయ్యి ఆ మీటమీద చూడలేకపోయినాడేమో. తన చేతిని వేరేవాళ్ళమీదికి పోనీయకుండా ఆడ కట్టేసుకున్నాడేమో. నిజమే, ఆ తర్వాత ఆయన ఎవరినైనా కొట్టగా నేను చూడలేదు. అయినా దాన్ని మంచితనం కింద రాసుకోవడానికి నాకు మనసు రాదు.

ఆ కుర్చీలోనే పోయినాడు. పొద్దున పనోళ్ళు వచ్చేసరికి కంప్యూటర్ కొత్తదాంట్లోకి పోయి ఉందంట. ఈయప్ప ఏంటికి నొక్కలేదని దగ్గరికి పోయి చూస్తే, వేలు బాణం మీదే ఉంది, మనిషి లేడు.

దినాలనాడు పోయినాను. పందిట్లో భోజనాల బంతి సాగుతూ ఉంది. ఓబులేసు వచ్చినాడు. అందరి మధ్య కూర్చోని ఎడమచేత్తో అన్నం కలుపుకోని తిన్నాడు. ఎడమచేత్తో తినేవాన్ని బంతిలో చూసి ముసలోళ్ళు మొగం తిప్పుకున్నారు. వదిన అందరినీ ఒకసారి చూసి, తమ్ముని పక్కనే నేలమీద కూర్చుంది.

భోజనాలైనాక పోయినాయన తమ్ముడు నా కాడికి వచ్చినాడు. "అమ్మా, అన్న సమాధికి రాయి కోయాల. పేరు, బొమ్మ అన్నీ కంప్యూటర్‌లో ఎక్కించినాం. మిషన్ మొదలుపెట్టేదానికి ఎవురూ ముందుకు రారు. ఆ మీట అన్న తప్ప ఎవురూ ముట్టలేదంట."

వదిన లేచింది. "నా తమ్ముడు నొక్కుతాడు. ఆ కుర్చీ వానిది."

అందరం షెడ్డులోకి పోయినాం. నల్లటి రాయి పలక మిషన్ మీద ఎక్కించి ఉంది. ఓబులేసును కుర్చీలో కూర్చోబెట్టినారు. నేను పక్కనే నిలబడినాను, ఎట్ల నొక్కాల్నో నాకు తెలుసు కదా. స్విచ్ వేసినారు. తెర వెలిగి పట్టీ వచ్చింది. మూలన అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.

"నొక్కురా" అంది వదిన.

ఓబులేసు కదల్లేదు.

"నొక్కురా ఓబులేసా. సచ్చిపోయినాడు కదరా ఇంగ."

వాడు ఎడమచెయ్యి ఎత్తినాడు. మీటదాకా తెచ్చినాడు. తెచ్చి, వెనక్కు తీసుకోని, కుర్చీ వెనకాల దాచుకున్నాడు. ఆయన తమ్ముడు నన్ను చూసినాడు. నేను చేతులు కట్టుకోని నిలబడినాను, విప్పలేదు.

"ఉండేది ఇంగొక చెయ్యే కదక్కా" అన్నాడు ఓబులేసు.

తెర ఒక్క క్షణం నల్లబడి, తనంతట తానే కొత్తదాంట్లోకి పోయింది.